ఊడ్చిన మలుపు

పోయిన వారం చీపురక్కను పోస్ట్‌మ్యాన్ ఇంటి గుమ్మం ముందు, చేతిలో ఆపిల్ పళ్ళ సంచితో, బెల్లు నొక్కాలా వెనక్కి తిరిగిపోవాలా అని తటపటాయిస్తుండగా వదిలేసి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. బెల్లు నొక్కేలోగా, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. తెలిసినవాళ్ళు కాస్త ఓర్చుకోండి.

ఊరి వెనక ఒక కొండ. ఆ కొండ మీద నుంచి సైకిళ్ళు దిగడానికి సన్నటి మట్టిబాట. దాన్ని ఎవరూ కూలి ఇచ్చి వేయించలేదు. ప్రతి ఆదివారం కొంతమంది పలుగూ పారా భుజాన వేసుకుని కొండెక్కి, రాళ్ళు ఏరి, మలుపుల్లో మట్టి మెత్తి, వాననీళ్ళు పక్కకి పోయేలా కాలవలు తీసి, సొంత చేతులతో వేసుకున్న బాట అది. వాళ్ళందరికీ పెద్ద దిక్కు, సైకిళ్ళు బాగుచేసే షాపు నడిపే ఒకాయన. అందరూ మేస్త్రీ అని పిలుస్తారు. ఆ మేస్త్రీకి సొంత అక్క మన చీపురక్క. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపులో పని. ఆవిడ మడతపెట్టిన చొక్కా విప్పి తొడుక్కోవాలంటే మనసొప్పదని ఊళ్ళో ఒక మాట ఉంది. కొండ మీద కూడా అదే వరస. అందరూ పని ముగించి చెమట తుడుచుకుంటుంటే, ఆవిడ పెద్ద చీపురు పట్టుకుని పై నుంచి కింది దాకా ఊడ్చుకుంటూ వచ్చేది. మొదట్లో నవ్వారు. అడవిని ఊడ్చే మనిషిని ఎక్కడైనా చూశామా అన్నారు. తర్వాత తర్వాత అదే ఆనవాయితీ అయిపోయింది. అక్క ఊడ్చేదాకా ఎవరూ సైకిల్ ఎక్కరు. ఊడ్చిందంటే బాట తయారైనట్టే.

ఈ మధ్య వానలకి ఒక మలుపు కింద మట్టి కోసుకుపోయింది. పైకి చూస్తే గట్టిగానే ఉంటుంది, కింద అంతా డొల్ల. మేస్త్రీ మనుషులు దాని పక్క నుంచి కొత్త దారి తీసి, పాత మలుపుకి కొమ్మలు అడ్డంగా పడేసి మూసేశారు. ఒక శనివారం సాయంత్రం ఆ కొమ్మల్ని ఎవరో తీసేశారు. మర్నాడు తెల్లవారుతూనే మేస్త్రీ బావమరిది, అంటే ఈ పోస్ట్‌మ్యానే, సైకిల్ మీద ఆ మలుపులోకి దిగి, గట్టుతో సహా కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. మూశాను మొర్రో అని మేస్త్రీ అంటాడు. మూస్తే కొమ్మలేవి అని లోకం అంటుంది. మేస్త్రీ భార్య, తమ్ముడికి సేవ చేయాలన్న వంకతో పెట్టె సర్దుకుని తమ్ముడి ఇంటికి వచ్చేసింది. మొగుడితో మాటల్లేవు. అసలు ఆ బాట ఉంచాలా మూసేయాలా అని అటవీశాఖ ఆఫీసులో విచారణ నడుస్తోంది.

కొమ్మలు తీసిందెవరో చీపురక్కకి తెలుసు, మనకి తెలుసు. ఆవిడ నోరు విప్పలేదు. మనల్ని ఎవరూ అడగలేదు. ఆ కొమ్మల్ని ఆవిడ బాట పక్కన పొందికగా పేర్చి వచ్చింది. ప్రమాదం జరిగాక వెళ్ళి చూస్తే ఆ పేర్పు లేదు. ఒక్కో కొమ్మా ఒక్కో దిక్కున, వాలు పొడుగునా చెల్లాచెదురుగా పడి ఉంది. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్న బెంగతో ఆవిడకి కంటి మీద కునుకు లేదు.

సరే, ఇక బెల్లు నొక్కింది.

"తలుపు తీసే ఉంది, రండి!" అని లోపలి నుంచి కేక.

ముందు గదిలో పోస్ట్‌మ్యాన్ బూట్లు గోడవారగా ఉన్నాయి. ఇన్ని రోజులుగా ఎవరూ తొడగక వాటి మీద దుమ్ము పట్టింది. చీపురక్క ఊరుకోలేక వంగి కొంగుతో తుడవబోయి, ఛీ అని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈ పాడు అలవాటు వల్లనే కదా ఇంత వచ్చింది అనుకుంది. కానీ రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి, తుడిచే వెళ్ళింది.

పోస్ట్‌మ్యాన్ కిటికీ పక్క మంచం మీద, కాలు దిళ్ళ మీద ఎత్తిపెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కాలి పొడుగునా కట్టు. సంచి చూడగానే నవ్వాడు.

"మళ్ళీ ఆపిల్ పళ్ళేనా వదినగారూ? ఇప్పటికే వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు. ఉద్యోగం పోతే పళ్ళ దుకాణం పెట్టుకోవచ్చు నేను."

"ఉద్యోగం ఎందుకు పోతుంది? ఆ మాటలేంటి?"

"ఊరికే అన్నాను. నా బదులు కొత్తవాణ్ణి వేశారు. ఎదురింటివాళ్ళ ఉత్తరాలు పక్కింట్లో, పక్కింటివాళ్ళవి ఎదురింట్లో ఇచ్చి వెళ్తున్నాడట. దాంతో ఎన్నాళ్ళుగానో మాటల్లేని రెండిళ్ళవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. నేను ఇన్నేళ్ళు సరిగ్గా పంచి చేసిందేముంది చెప్పండి!"

చీపురక్క నవ్వాలని చూసింది కానీ నవ్వు రాలేదు. మంచం పక్క కుర్చీలో కూర్చుని, దాని చేతి మీద వేలాడుతున్న తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని మడతపెట్టడం మొదలుపెట్టింది. ఇవాళ చెప్పేయాలి. మొన్నా అలాగే అనుకుని వచ్చింది, పళ్ళిచ్చి వెళ్ళిపోయింది. అంతకుముందూ అంతే. కుర్రాడు నవ్వుతూ మాట్లాడిన కొద్దీ ఆ మాట పెదవి దాటి రాదు. ఒక్కసారి గట్టిగా తిట్టినా బాగుండును.

"మీ అక్క లేదా?"

"అటవీశాఖ ఆఫీసుకి వెళ్ళింది. ఇవాళ బావని పిలిచారు. చుట్టాల తరఫున ఎవరైనా రావచ్చన్నారట. ఆయనేం చెప్తాడో నా చెవులతో వింటానని వెళ్ళింది."

చీపురక్క చేతిలో తువ్వాలు ఆగింది. తమ్ముడు ఆ విషయం తనకి చెప్పలేదు.

"వదినగారూ, మీతో ఒక మాట చెప్పాలి. అక్క లేనప్పుడే చెప్పాలని చూస్తున్నాను" అన్నాడు పోస్ట్‌మ్యాన్ గొంతు తగ్గించి. "అందరూ నేను కళ్ళు మూసుకుని దూకేశాననుకుంటున్నారు. కాదు. ఆ మలుపు దగ్గర ఆగాను."

"ఆగావా?"

"సైకిల్ దిగి మరీ చూశాను. కొమ్మలు పక్కన పేర్చి ఉన్నాయి. లావువి అడుగున, సన్నవి పైన. కోసిన మొదళ్ళన్నీ ఒకే వైపు. బాట మీద చీపురు గీతలు. ఇంకేముంది, చీపురక్క ఊడ్చేసింది, మలుపు బాగుచేసేశారు అనుకున్నాను. బ్రేకు మీద వేలు కూడా పెట్టలేదు."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. అది లేకపోవడమే చీపురక్కకి భరించరానిదయింది. ఇన్నాళ్ళూ అందరి మధ్యా తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరిగింది. ఆ కుట్టడం ఈ కుర్రాడు మొదటి రోజు నుంచీ చూస్తూనే ఉన్నాడు.

"నీకు తెలుసా? నేనే తీశానని..."

"ఆ పేర్పు చూస్తే ఎవరికి తెలియదు? మన గుంపులో ఇంకెవరికుంది అంత ఓపిక?"

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎందుకు చెప్తాను? మీ అంతట మీరు తీస్తారా? బావ తియ్యమన్నాడు, మీరు తీశారు. బాగుచేద్దామనుకుని మర్చిపోయుంటాడు. దానికి మీ పేరు వీధిన పడటం ఎందుకని ఊరుకున్నాను. ఆయన మాత్రం మూశాను మూశాను అని ఇంకా బొంకుతున్నాడు చూడండి, అదీ నా బాధ."



కథ చెప్పేవాడిగా నేను ఇక్కడ కాస్త ఆగాలి. చీపురక్క చెడ్డ మనిషి కాదు. కానీ ఎండలో నడిచి నడిచి వచ్చినవాడికి ఎవరో చెట్టు నీడ చూపిస్తే కాళ్ళు వాటంతట అవే అటు పోతాయి. ఊఁ అంటే చాలు. ఊఁ అని కూడా అనక్కర్లేదు, తల వంచుకుంటే చాలు. తమ్ముడి మీద ఎలాగూ పడిన నింద, ఇంకాస్త పడుతుంది. వాడు కడుక్కోలేక చస్తున్నాడు, ఇంకొంచెం చస్తాడు. తన పేరు మాత్రం చెప్పిన పని చేసిన అమాయకురాలి పేరుగా మిగిలిపోతుంది. ఆ ఆలోచన ఆవిడకి వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

మాట తప్పించడానికో, నిజంగానే తెలుసుకోవాలనో, అడిగింది. "ఆ పేర్పుని తర్వాత ఎవరో చెల్లాచెదురు చేశారు. నువ్వు చూశావా?"

పోస్ట్‌మ్యాన్ ఆవిడ వంక వింతగా చూశాడు.

"అక్క మీకు చెప్పలేదా? ఆవిడ పెట్టె సర్దుకుని వచ్చేసింది దాని గురించే కదా!"

"మలుపు మూయలేదని వచ్చేసింది కదా?"

"దానికైతే నాలుగు తిట్టి ఊరుకునేది. మా అక్క సంగతి మీకు తెలియదా?" అతను కిటికీ వైపు చూస్తూ చెప్పసాగాడు. "నేను కింద పడున్నాను. కాలు నా కాలులా లేదు, ఎటో తిరిగి ఉంది. పైన అడుగుల చప్పుడు. బావ పార భుజాన వేసుకుని పనికి వస్తున్నాడు. బావా అని అరిచాను. వస్తున్నా అన్నాడు. రాలేదు. దబ్, దబ్ అని చప్పుడు. కర్రలు విసిరేస్తున్న చప్పుడు. మళ్ళీ అరిచాను. వస్తున్నారా, కదలకు అన్నాడు. మళ్ళీ కర్రలే. ఒక కొమ్మ నా పక్కనుంచే దొర్లుకుంటూ పోయింది. ఆ పేర్పు మొత్తం విసిరేశాకే కిందికి దిగాడు. ఆసుపత్రిలో మత్తులో ఉండి ఇదంతా అక్కకి చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది. నీ తమ్ముడు రక్తం కారుతూ అరుస్తుంటే నీ మొగుడు తన తప్పు దాచుకునే పనిలో ఉన్నాడు అంటే ఏ ఆడది ఉంటుంది చెప్పండి ఆ ఇంట్లో?"

చీపురక్క ఒళ్ళోని తువ్వాలు జారి కింద పడింది. తీయలేదు. ఆవిడ జీవితంలో కింద పడినదాన్ని తీయకుండా వదిలేయడం అదే మొదటిసారి అనుకుంటాను.

తమ్ముడికి తెలుసు. మొదటి చూపులోనే తెలిసిపోయింది. చిన్నప్పటి నుంచీ అక్క సర్దిన గూడు, అక్క మడిచిన దుప్పటి, అక్క పేర్చిన గిన్నెలు చూస్తూ పెరిగినవాడు వాడు. కోసిన మొదళ్ళన్నీ ఒకే వైపు ఉండటం చూశాడు. కింద బావమరిది అరుస్తున్నాడు, పైన అక్క చేతిపని కనిపిస్తోంది. ఎవరి కంటా పడకముందే ఆ చేతిపనిని చెరిపేశాడు. ఆ తర్వాత ఇన్నాళ్ళూ అక్క ముందు ఒక్క మాట అనలేదు. పైగా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "నీదేముందక్కా, ఊరుకో" అన్నాడు. ఊరికే ఓదార్పనుకుంది ఆవిడ.

"వాడు నన్ను తియ్యమనలేదు" అంది చీపురక్క.

"ఏంటి?"

"మీ బావ. తియ్యమనలేదు. ముట్టుకోవద్దన్నాడు. అందరికీ చెప్పాడు, నా సంగతి తెలుసు కనక నాకు విడిగా ఇంకోసారి చెప్పాడు. అక్కా, అది చిందరవందరగానే ఉండాలి, ఎంత అసహ్యంగా ఉంటే అంత మంచిది, చూడగానే మనిషి వెనక్కి పోవాలి అన్నాడు. నేను సరే అన్నాను."

"మరి?"

"చూడలేకపోయానయ్యా. కంపలు, మట్టివేళ్ళు, ఎండుటాకులు... ఏ గాలికో కొట్టుకొచ్చి పడినట్టున్నాయి. ఇదేం మూయడం అనుకున్నాను. అన్నీ తీసి, సమానంగా కోసి, మళ్ళీ కంచెలాగా అందంగా అల్లి మూద్దామనుకున్నాను. శనివారం సాయంత్రం ఒక్కదాన్నే రంపం తీసుకెళ్ళాను. తీయడం అయింది, కోయడం అయింది, పేర్చడం అయింది. చీకటి పడిపోయింది. చీకట్లో ఎవడొస్తాడు, పొద్దున్నే వచ్చి అల్లేద్దాం అనుకున్నాను."

"పొద్దున్నే రాలేదుగా మీరు."

"హోటలువాళ్ళ దుప్పట్లు షాపులో ఉండిపోయాయి. అవి మడతపెట్టి వద్దామని అటు వెళ్ళాను."

పోస్ట్‌మ్యాన్ కాలి కట్టు మీద లేచిన దారప్పోగుని వేలితో లాగుతూ కూర్చున్నాడు.

"మూయాలని తెలిసీ, తెరిచిపెట్టి వెళ్ళారు. సరే, అలిసిపోయారు అనుకుందాం" అన్నాడు చివరికి. "మరి ఊడ్చారెందుకు?"

చీపురక్క ఆ ప్రశ్నకే ఇన్నాళ్ళూ భయపడింది.

"రంపంపొట్టు పడింది" అంది. "అలా వదిలి రాలేకపోయాను."

ఆ మాట విని అతను నవ్వాడు. అది మంచి నవ్వు కాదు. నవ్వుతూనే మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "రంపంపొట్టు" అన్నాడు వేళ్ళ సందుల్లోంచి. "రంపంపొట్టు కోసం నా కాలు పోయింది." ఆ తర్వాత చేతులు తీసి, "బావ వచ్చినప్పుడల్లా మొహం గోడ వైపు తిప్పుకుని పడుకున్నాను వదినగారూ. ఒక్కసారి కూడా మాట్లాడలేదు. తలుపు దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయేవాడు" అన్నాడు.

చీపురక్క ఏడ్చింది. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. "మీ అక్కకి నేనే చెప్తాను. రానీ" అంది.

అప్పుడే వీధి తలుపు చప్పుడయింది.

మేస్త్రీ భార్య, అంటే చీపురక్క మరదలు, లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, బ్యాగు బల్ల మీద పడేసి, తమ్ముడి కాళ్ళ దగ్గర మంచం మీద కూలబడింది. ఎండకి మొహం కందిపోయి ఉంది. అయినా ఇన్ని వారాలుగా లేని తేట ఒకటి కళ్ళలో కనిపించింది.

"వదినా, మీరూ ఉన్నారా? మంచిదయింది. అయిపోయింది, ఒప్పుకున్నాడు" అంది.

"ఏం ఒప్పుకున్నాడు?"

"కొమ్మలు తనే తీశానని! అందరి ముందూ నిలబడి చెప్పాడు. మలుపు బాగుచేద్దామని తీశాను, మళ్ళీ మూయడం మర్చిపోయాను, తప్పు నాది, బాటని మాత్రం మూయొద్దు అన్నాడు. ఇక జన్మలో ఆ కొండ మీద పార పట్టనని మాటిచ్చాడు. వాళ్ళు సరేనన్నారు. బాట ఉంటుందట." ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. "నాకైతే గుండె మీద నుంచి బండ దింపినట్టయింది వదినా. ఇన్నాళ్ళూ నా కోపం తప్పు చేసినందుకు కాదు, కాదు కాదని బుకాయించినందుకు. తప్పు చేశాడు, భయపడ్డాడు, భయంలో దాచుకోబోయాడు. మనిషన్నాక భయపడడా? ఆటోలో వస్తుంటే ఇంటికి వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది. చిత్రం కదూ?"

పోస్ట్‌మ్యాన్ చీపురక్క వంక చూశాడు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఇప్పుడు నోరు మూసుకుంటే తమ్ముడి కాపురం నిలబడుతుంది. బాట నిలబడింది. తన పేరూ నిలబడుతుంది. ఒక్క అబద్ధం ఇన్నింటిని నిలబెడుతుంటే పడగొట్టడానికి తనెవరు? కానీ చీపురక్క అలా నోరు మూసుకుని కూర్చునే ఇంతదాకా తెచ్చింది. తన మౌనానికి మంచి కారణం దొరకడం చూసి ఆవిడకి భయం వేసింది.

"వాడు అబద్ధం చెప్పాడమ్మా. తీసింది నేను" అంది.

మరదలు ముందు నవ్వబోయింది. తమ్ముడి మొహం చూసి ఆగిపోయింది. చీపురక్క అన్నీ చెప్పింది. కొమ్మలు, రంపం, చీకటి, హోటలు దుప్పట్లు, చీపురు, దేన్నీ దాచలేదు. వాడు ముట్టుకోవద్దన్నాడని రెండుసార్లు చెప్పింది. వాడిది ఏ తప్పూ లేదని మూడోసారి చెప్పబోతుంటే మరదలు చెయ్యెత్తి ఆపింది.

"అయితే ఆ రోజు పైన నిలబడి ఆయన దాచింది తన తప్పు కాదన్నమాట."

మరదలు తమ్ముడి కాలి కింది దిండు సరిచేసింది.

"తన మీదికి వస్తుందన్న భయంతో ఆగాడనుకున్నాను వదినా. అదైతే ఇవాళ కాకపోతే రేపు మర్చిపోయేదాన్ని. మా తమ్ముడు కింద అరుస్తున్నాడు. ఆయనకి వినిపిస్తూనే ఉంది. అయినా మీ పేర్పు కనిపించింది, మీరు గుర్తొచ్చారు. మీ కోసం ఆగాడు."

"అలా అనకమ్మా, వాడు..."

"ఇంకేమనాలి?"

ఆవిడ గొంతు పెరగలేదు. లేచి బల్ల దగ్గరికి వెళ్ళి, బ్యాగులోంచి ఫోన్ తీసి, మొగుడి పేరు నొక్కి, అవతల మోగుతుండగానే తెచ్చి చీపురక్క చేతిలో పెట్టింది.

"నేను పిలిస్తే ఆలోచించుకుని వస్తాడేమో. మీరే పిలవండి వదినా. మీరు పిలిస్తే ఆగకుండా వస్తాడు."